గ్రూపుకి ఒక్కతె చొప్పున

వేరు చేసే పని ఏదైనా సరే, అది ఎవరి అవసరం కోసం జరుగుతోందన్నది ముందు తేల్చుకోవాలి. ఆర్మూరు చుట్టుపక్కల పసుపు పండే ఊళ్లలో ఈ సంగతి తెలియని ఆడమనిషి వుండదు. తవ్విన పసుపుని ఉడకబెట్టి, కళ్లంలో ఆరబెట్టి, డ్రమ్ముల్లో పాలిష్ పట్టించాక కొమ్ములు ఒక కుప్పగా, మండలు ఒక కుప్పగా, విరిగిన చూర ఇంకో కుప్పగా ఏరేది ఎక్కువగా ఆడకూలీలే. ఆ బస్తాలు నిజామాబాద్ యార్డుకి పోతాయి, అక్కడ ధర గిట్టకపోతే మహారాష్ట్రలో సాంగ్లీ దాకా పోతాయి. కొనేవాడు కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తాడు. 2016లో ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. బేరం కంప్యూటర్లోకెక్కింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు కూడా నిజామాబాద్‌కి వచ్చింది. ఇన్ని వచ్చినా, ఏరడం కొనేవాడి కంటి కోసమేనన్న సంగతి మారలేదు. మంచి కొమ్ముల్లో చూర కలిపి బస్తాలన్నీ సరాసరి చేస్తే దాన్ని కల్తీ అంటారు. మనుషుల్ని అలా కలిపి సరాసరి చేస్తే మాత్రం సమతూకం అంటాం, మెచ్చుకుంటాం. ఆ మెచ్చుకోలుని కాస్త ఆపి చూడాలని నాకు అన్పిస్తోంది.

నేను ఈ ఊళ్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. బాల్కొండ, వేల్పూరు, నందిపేట, భీంగల్ వైపు నుంచి పిల్లలు బస్సుల్లో, ఆటోల్లో వస్తారు. చాలామంది ఇళ్లలో డిగ్రీ మెట్టెక్కిన మొదటి ఆడపిల్ల వీళ్లే. తల్లులు బీడీలు చుడతారు, పసుపు ఏరతారు, కూలికి పోతారు. 2016 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ సీట్లు చాలావరకు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో నిండుతున్నాయి. అంటే పిల్ల కాలేజీ గేటు దాటకముందే ఆమె మార్కులు, జెండర్, కులం, మీడియం ఒక పట్టికలో వరసగా చేరిపోయి వుంటాయి. ఆ పట్టిక చేతిలో వుంటే, దాన్ని ఇంకెన్ని రకాలుగానైనా పంచొచ్చు.

అంతకుముందు పంపకం ఎలా వుండేదో ఈ పత్రిక చదివేవాళ్లకి నేను కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఇంటర్మీడియట్ కార్పొరేట్ కాలేజీల్లో ర్యాంకుల వారీగా సెక్షన్లు వేయడం మనందరం చూశాం. పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కి అప్పుడే చేరినవాళ్లు. మార్కుల పేరుతో జరిగిన ఆ విభజనలో ఇంగ్లీషు మీడియం ఒకవైపు, తెలుగు మీడియం ఇంకోవైపు తేలేవి. ఇంకొంచెం పరీక్షగా చూస్తే కులాలు కూడా తేలేవి. అందుకని మా కాలేజీలో సెక్షన్లు, ల్యాబ్ బ్యాచ్‌లు, ప్రాజెక్టు గ్రూపులు ఇకమీదట సాఫ్ట్‌వేర్ సాయంతో అందరినీ కలిపి వేస్తామన్నప్పుడు నేను సంతోషించాను. ఆ సంతోషం అనవసరమని ఇప్పటికీ అనుకోవడం లేదు. మార్కుల గోడ కూలడం మంచిదే. కానీ గోడ కూలిన చోట ఏం కట్టామన్నది వేరే ప్రశ్న.

ఈ పంపకం ఎలా జరుగుతుందో మా కంప్యూటర్స్ సార్ నాకు ఓపిగ్గా చెప్పారు. అందులో మాయ ఏమీ లేదు. ముందు అందరినీ మార్కుల వరసలో నిలబెడుతుంది. పన్నెండు గ్రూపులు కావాలంటే మొదటి పన్నెండు పేర్లు ఒక్కో గ్రూపుకి ఒక్కటి ఇస్తుంది. పదమూడో పేరు మళ్లీ పన్నెండో గ్రూపుకే ఇచ్చి వెనక్కి వస్తుంది. పాములా అటూ ఇటూ తిరుగుతూ పోతుందన్నమాట. ఆ తర్వాత జెండర్, కులం, మీడియం లాంటి గడులు చూస్తుంది. ఒక గ్రూపులో ఒకటి ఎక్కువై, ఇంకో గ్రూపులో తక్కువైతే ఇద్దరిని అటూ ఇటూ మారుస్తుంది. గ్రూపుల మధ్య తేడా తగ్గితే ఆ మార్పుని వుంచుతుంది, తగ్గకపోతే తీసేస్తుంది. ఇక తగ్గించడానికి తేడా ఏమీ మిగలనంతవరకు ఇలా వేలసార్లు చేస్తుంది. మనిషి చేస్తే వారం పట్టే పని క్షణాల్లో అయిపోతుంది.

ఇందులో ఒక సంగతి గమనించాలి. గ్రూపుల మధ్య తేడా తగ్గాలంటే, ఎవరు తక్కువ సంఖ్యలో వున్నారో వాళ్లని అన్ని గ్రూపులకీ సమానంగా చల్లాలి. అరవై మంది వున్న డేటా సైన్స్ క్లాసులో అమ్మాయిలు పన్నెండు మంది, గ్రూపులూ పన్నెండే. గ్రూపుకి ఐదుగురు. ఇక చెప్పేదేముంది, గ్రూపుకి ఒక్కతె చొప్పున వచ్చింది. ఆ పన్నెండు మందిలో నలుగురు భీంగల్ వైపు తండాల నుంచి వచ్చే లంబాడీ అమ్మాయిలు. వాళ్లు నాలుగు గ్రూపుల్లో పడ్డారు. లిస్టు కింద ఒక చిన్న లెక్క కూడా వుంది. ఏ గ్రూపు సగటు మార్కులు చూసినా ఒక్క మార్కు తేడా కూడా లేదు. అది చూపించి సార్ నిజాయితీగానే అన్నారు, "చూడండి మేడం, ఏ గ్రూపుకీ అన్యాయం జరగలేదు."

గ్రూపుకి జరగలేదన్నది నిజమే. నా ప్రశ్నంతా ఆ వాక్యంలో కర్త గురించే. అన్యాయం గ్రూపుకి జరుగుతుందా, మనిషికి జరుగుతుందా? గ్రూపుకి ఆకలి వెయ్యదు. గ్రూపుకి ఆఖరి బస్సు దాటిపోదు. గ్రూపు మధ్యలో మాట మింగేసి వూరుకోదు. ఇవన్నీ జరిగేది అందులో వున్న మనిషికి. జాన్ రాల్స్ 1971లో వచ్చిన తన న్యాయ సిద్ధాంత గ్రంథంలో ప్రయోజనవాదం మీద పెట్టిన ముఖ్యమైన అభ్యంతరం కూడా దాదాపు ఇదే. మొత్తం లెక్క బాగుందని చూపించే పద్ధతి, ఒక మనిషి వేరు, ఇంకో మనిషి వేరు అన్న సంగతిని పక్కన పెట్టేస్తుందని. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఆ అమ్మాయి ఒక వ్యక్తిగా లేదు. ఆ గ్రూపుకి వుండాల్సిన ఒక లక్షణంగా వుంది. కూరలో ఉప్పులాగా ప్రతి గిన్నెలోనూ కాస్త పడాలి. గిన్నెలన్నీ ఒకే రుచిగా వుంటాయి, ఉప్పు మాత్రం కన్పించదు.

సెమిస్టర్ చివర ప్రాజెక్టు రికార్డులు స్టాఫ్ రూములో బల్ల మీద పేర్చి వుంటే ఊరికే తిరగేశాను. నాకు డేటా సైన్స్ రాదు. కానీ జవాబు పత్రాలు దిద్ది దిద్ది పిల్లల దస్తూరీ మాత్రం గుర్తుపట్టగలను. పన్నెండు రికార్డుల్లో పది అమ్మాయిల దస్తూరీలో వున్నాయి. ప్రోగ్రాం రాసింది ఎవరు, వైవాలో మాట్లాడింది ఎవరు అని అడిగితే చాలా గ్రూపుల్లో వేరే పేర్లు వచ్చాయి. "అమ్మాయిల దస్తూరీ బాగుంటది కద మేడం" అన్నాడు ఒక కుర్రాడు, మెచ్చుకుంటున్నట్టే. గ్రూపులన్నిటికీ సమానంగా అందింది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ప్రతి గ్రూపుకీ ఒక రాతకత్తె సమకూరింది.

తండా నుంచి వచ్చే ఒకమ్మాయిని అడిగాను. "రాసుడు నాకొస్తది మేడం. కోడు గుడ చేసిన. గని వాళ్లు నలుగురు ముచ్చట వెట్టుకుంటరు, నాకు చెప్పింది నేను చేస్త. నడిమిట్ల మాట్లాడాల్నంటే నా దిక్కు చూసేటోళ్లు ఒక్కరన్న ఉండాలె గద" అంది. ఇంకో అమ్మాయి సమస్య ఇంకా సూటిగా వుంది. "నలుగురం ఒక్క బస్సుల వస్తం. నాలుగు గ్రూపులు, నాలుగు టైములు. ఒకరి కోసం ఒకరం ఎన్నిదినాలు ఆగుతం? చీకటైనంక ఒక్కదాన్ని రావొద్దని మా నాయిన అన్నడు." 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. అది ఈ పిల్లలకి ఎంత మేలు చేసిందో నేను కళ్లారా చూశాను. కానీ టికెట్ లేకపోయినా తోడు కావాలి. తోడు అన్నది పట్టికలో ఏ గడిలోనూ లేదు. ఆ అమ్మాయి ప్రాజెక్టు పనికి రావడం తగ్గించింది, గ్రూపువాళ్లు ఆమె పేరు ఎదురుగా తక్కువ మార్కులు వేశారు. తన ఒంటరితనానికి తనే మూల్యం చెల్లించింది, అది కూడా మార్కుల్లో.

ఇది ఆర్మూరులో ఒక కాలేజీ ముచ్చట మాత్రమే కాదు. రోజాబెత్ మాస్ కాంటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1977లో ఒక పెద్ద అమెరికన్ కంపెనీలో పనిచేసే స్త్రీ పురుషుల మీద పుస్తకం రాసింది. అనేకమంది మగవాళ్ల మధ్య ఒకరిద్దరు ఆడవాళ్లు వున్నప్పుడు ఏమవుతుందో అందులో వివరించింది. ఆ ఒక్కతె అందరికీ కన్పిస్తూనే వుంటుంది, ఆమె చేసిన పని మాత్రం కన్పించదు. ఆమె తనకోసం తను మాట్లాడినా మొత్తం ఆడజాతి తరపున మాట్లాడినట్టే లెక్క. చుట్టూ వున్నవాళ్లు ఆమెని తమకి తెలిసిన మూసల్లో ఏదో ఒకదాంట్లో కూర్చోబెడతారు. అమ్మ, చెల్లి, లేకపోతే గయ్యాళి. మా కాలేజీలో దానికి 'రికార్డు రాసే అమ్మాయి' అన్న మూస దొరికింది. 2015లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో నీలాంజనా దాస్‌గుప్తా, ఆమె సహచరులు ఇంజనీరింగ్ చదివే అమ్మాయిలని నలుగురేసి గ్రూపుల్లో పెట్టి చూశారు. ముగ్గురు అమ్మాయిలున్న గ్రూపుల్లో వాళ్లు బాగా మాట్లాడారు. ఒక్కతే వున్న చోట మాట తగ్గిపోయింది. అమ్మాయిల తెలివిలో తేడా ఏమీ లేదు, చుట్టూ ఎవరున్నారన్న దాంట్లోనే తేడా.

అమెరికా వైమానిక దళ అకాడమీలో జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడ కొత్తగా చేరినవాళ్లని ముప్ఫై మంది చొప్పున స్క్వాడ్రన్లుగా విడదీస్తారు. వెనకబడిన విద్యార్థులు చదువులో ముందున్న తోటివారి పక్కన వుంటే బాగుపడతారని పాత లెక్కలు చెప్పాయి. ఆ లెక్కల ఆధారంగా ముగ్గురు ఆర్థికవేత్తలు 2007, 2008లలో చేరినవాళ్లని కంప్యూటర్ సాయంతో, వెనకబడినవాళ్లకి ఎక్కువ మేలు జరిగేలా పంచారు. 2013లో ఫలితాలు ప్రచురించారు. ఎవరి కోసమైతే ఇదంతా చేశారో వాళ్ల మార్కులు మామూలుగా పంచిన గ్రూపుల్లో వాళ్ల కంటే తగ్గాయి. కారణం వెతికితే, ఆ స్క్వాడ్రన్లలో ముందున్నవాళ్లు ముందున్నవాళ్లతోనూ, వెనకబడినవాళ్లు వెనకబడినవాళ్లతోనూ చేరిపోయారని తేలింది. ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో లెక్కకి తెలుసు. పక్కన కూర్చున్నవాళ్లు ఎవరితో మాట్లాడతారో లెక్కకి తెలియదు.

అయితే నా వాదనకి ఎదురుగా నిలబడే మాటలు కూడా వున్నాయి. వాటిని దాటేసి పోవడం సరికాదు. కలపడం వల్ల మేలు జరుగుతుందనడానికి గట్టి సాక్ష్యాలున్నాయి. 2007 నుంచి ఢిల్లీలో చాలా ప్రైవేటు బడులు పేద పిల్లలకి సీట్లు ఇవ్వాల్సి వచ్చింది. గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త ఆ బడుల్లో ధనిక పిల్లలు ఎలా మారారో పరిశీలించి 2019లో ప్రచురించాడు. కొన్ని బడుల్లో స్టడీ గ్రూపులు పేర్ల అక్షర క్రమంలో వేసేవారు. అంటే ఎవరి పక్కన ఎవరు పడాలన్నది పేరులో మొదటి అక్షరం మీద ఆధారపడింది. పేద పిల్లలతో కలిసి చదివిన ధనిక పిల్లలు మరింత ఉదారంగా తయారయ్యారు, పేదవాళ్ల పట్ల వివక్ష తగ్గించుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లో మాట్ లోవ్ అనే పరిశోధకుడు రకరకాల కులాల యువకులతో క్రికెట్ లీగులు నడిపి 2021లో రాశాడు. ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదురెదురు జట్లలో ఆడితే ఆ ఫలితం రాలేదు.

ఇవి చిన్న విషయాలు కావు. కులం గోడలు ఇంత గట్టిగా వున్న సమాజంలో పిల్లలని వాళ్లిష్టానికి వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. 'మనోళ్లు' అన్న మాట చుట్టూ గ్రూపులు కడతారు. ల్యాప్‌టాప్ వున్నవాళ్లు ల్యాప్‌టాప్ వున్నవాళ్లతో చేరతారు. ఎవరికీ అక్కర్లేని ఐదుగురు ఆఖర్లో మిగిలిపోయి ఒక గ్రూపవుతారు. అంతకంటే సాఫ్ట్‌వేరే నయమని అనేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ పై రెండు సాక్ష్యాలనీ ఇంకోసారి చదవండి. మారింది ఎవరు? ఢిల్లీ పరిశోధనలో ప్రధానంగా కొలిచింది ధనిక పిల్లల మార్పుని. క్రికెట్ లీగుల్లో అందరూ మగవాళ్లే. కలపడం వల్ల పైనున్నవాళ్లు నేర్చుకుంటారు, సరే. ఆ నేర్పే పని ఎవరి నెత్తిన పడింది? రోజూ తరగతిలో ఒక్కతే కూర్చుని, నలుగురి మూసల్నీ మోస్తూ, వాళ్ల మర్యాదకి పరీక్షపత్రంగా వుండే పిల్ల ఏం నేర్చుకుంది? అబ్బాయిలు అమ్మాయిలతో పనిచేయడం నేర్చుకోవద్దా అని మా సార్ అడిగారు. నేర్చుకోవాలి. కానీ అబ్బాయిల చదువుకి అమ్మాయిలు సిలబస్ కాదు.

ఇక్కడ మన దగ్గరున్న ఒక పాత అనుభవం నాకు దారి చూపిస్తుంది. ఈ జిల్లా ఊళ్లలో ఏ వాడకి పోయినా మహిళా పొదుపు సంఘాలు కన్పిస్తాయి. 1992లో నాబార్డ్ సంఘాలని బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది. 2000లో సెర్ప్ ఏర్పడ్డాక అవి ఊరూరా విస్తరించాయి. ఈ సంఘాల మీద మనకున్న విమర్శలు నేను మర్చిపోలేదు. అప్పు తీర్చే బాధ్యతనంతా ఆడవాళ్ల మీదకి నెట్టారని ఇలాంటి పేజీల్లోనే ఎన్నోసార్లు రాసుకున్నాం. కానీ అవి కట్టిన పద్ధతిని చూడండి. పది పదిహేను మంది, ఒకే వాడవాళ్లు, ఒకరినొకరు ఎరిగినవాళ్లు, ఒకరినొకరు ఎంచుకున్నవాళ్లు. ఏ అధికారీ ప్రతి సంఘంలోనూ అన్ని కులాలూ సమానంగా వుండేలా చల్లలేదు. అలా చల్లి వుంటే మాదిగవాడ ఆడమనిషి నోరు విప్పి అప్పు అడగడానికే ఎన్నేళ్లు పట్టేదో. ముందు తనవాళ్ల మధ్య లెక్క చెప్పడం, సంతకం పెట్టడం, పోట్లాడటం నేర్చుకుంది. ఆ తర్వాత గ్రామ సంఘంలో, మండల సమాఖ్యలో మిగతావాళ్లతో కలిసి కూర్చుంది. అక్కడికి ఆమె ఒక్కతే వెళ్లలేదు, తన సంఘం తరపున వెళ్లింది. కలవడం జరిగింది, కానీ దానికి ముందు ఒక మెట్టు వుంది. మన సాఫ్ట్‌వేర్ ఆ మెట్టుని తీసేసింది.

'అయితే వేరుగా వుంచమంటావా, మళ్లీ వెలివాడలా' అని ఎవరైనా అడగొచ్చు. ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. వెలివాడకీ, సంఘానికీ బయటనుంచి చూస్తే ఒకటే పోలిక, రెండింటిలోనూ ఒకే రకం మనుషులుంటారు. తేడా అంతా నిర్ణయం ఎవరిదన్న దాంట్లో వుంది. వెలివాడని అందులో వున్నవాళ్లు కట్టలేదు. సంఘాన్ని అందులో వున్నవాళ్లే కట్టుకున్నారు. మన చరిత్రలో దీనికంటే పెద్ద ఉదాహరణ ఇంకోటి లేదనుకుంటాను. 1932 ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు అణగారిన కులాలకి ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. సెప్టెంబర్‌లో పూనా ఒప్పందంతో అవి పోయాయి. రాష్ట్రాల శాసనసభల్లో రిజర్వుడు సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి. కానీ చివరికి ఎవరు గెలవాలన్నది ఉమ్మడి ఓటర్ల చేతికి పోయింది. సంఖ్య పెరిగింది, ఎంపిక చెయ్యిజారింది. అంబేడ్కర్ తర్వాత రాసిన పుస్తకాల్లో ఆ బాధ ఎంత కటువుగా వుంటుందో చదివినవాళ్లకి తెలుసు. లిస్టు చూసి 'ప్రతి గ్రూపులోనూ ఒకరు వున్నారు' అని మనం సంతృప్తి పడేటప్పుడు ఆ లెక్క గుర్తుకు రావాలి.

మా అమ్మాయిలు వూరుకోలేదు. పన్నెండు మందీ కూర్చుని తమ లిస్టు తామే రాసుకుని తెచ్చారు. ముగ్గురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు చొప్పున నాలుగు గ్రూపులు. మిగతా ఎనిమిది గ్రూపుల్లో అబ్బాయిలే. "అప్పుడు బ్యాలెన్స్ పోతుంది కదమ్మా" అన్నారు సార్. నిజమే, గ్రూపుల సగటు మార్కుల మధ్య తేడా ఒక్క మార్కు లోపు నుంచి నాలుగు మార్కులకి పెరిగింది. ఆ నాలుగు మార్కులు కాలేజీకి పెద్ద సంగతిగా కన్పించాయి. అమ్మాయిలకి అవి తమ మాట ఖరీదుగా కన్పించాయి. చివరికి రాజీ కుదిరింది, ఆరు గ్రూపుల్లో ఇద్దరేసి. ఇద్దరుంటే చాలా, ముగ్గురు కావాలా అన్నది లెక్కతో తేలేది కాదు. కానీ ఆ తర్వాతి వైవాల్లో ఒక అమ్మాయి ఆగిపోతే పక్కమ్మాయి అందుకోవడం నేను విన్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. తండా అమ్మాయిల్లో ఒకామె, "నన్నెందుకు మార్చుడు మేడం? నాకు ఆ గ్రూపుల మంచిగనే ఉంది. తండా పిల్లనని తండాతోనే కట్టేస్తరా?" అని అడిగింది. ఆమె మాట నాకు మిగతావాళ్ల మాటంత ముఖ్యం. కలిపి వుంచడం కూడా, అడగకుండా చేస్తే, ఇంకో ముద్రే అవుతుంది.

కాబట్టి నేను చెప్పేది సాఫ్ట్‌వేర్ వద్దని కాదు. అది మనం చెప్పిన దాన్నే చేస్తుంది. 'గ్రూపుల మధ్య తేడా తగ్గించు' అని చెప్పాం, తగ్గించింది. 'ఏ గ్రూపులోనూ ఎవరినీ ఒంటరిని చెయ్యకు' అని కూడా చెప్పొచ్చు. ఇది కొత్త సంగతేం కాదు. అమెరికాలో ఇంజనీరింగ్ కాలేజీల కోసం తయారైన కేట్‌మీ అనే పద్ధతిలో, ఏ జట్టులోనూ అమ్మాయిలు ఒంటరిగా మిగిలిపోకుండా చూసే వీలు వుంది. ఇంకో గడి కూడా చేర్చొచ్చు, 'నువ్వు ఎవరితో వుండాలనుకుంటున్నావు' అని. ఎవరితో వుండకూడదో చెప్పే గడి దానికంటే ముఖ్యం. వేధించినవాడి పక్కన ఆ పిల్లని కూర్చోబెట్టే సమతూకం ఎంత ఖచ్చితంగా వుంటే మాత్రం ఏం లాభం? ఈ గడులు పెరిగేకొద్దీ సగటులు కాస్త చెదురుతాయి. చెదరనివ్వాలి. లిస్టు చూసేవాడి కంటికి సమంగా కన్పించడం ఒక అందం, అంతే. లిస్టులో వున్న మనిషికి అది ఊపిరాడేలా వుండటం న్యాయం. రెండూ ఒకేసారి కుదరనప్పుడు మొదటిది వదులుకోవాలి.

ఇదంతా కాలేజీకి సంబంధించిన సంగతని పక్కన పెట్టేయడానికి వీల్లేదు. మన సభల్లో, సంకలనాల్లో, సదస్సుల్లో మనం ఏ సాఫ్ట్‌వేరూ లేకుండానే ఈ పంపకం చేస్తుంటాం. ప్రతి సెషన్‌లో ఒక దళిత రచయిత్రి, ఒక ముస్లిం రచయిత్రి, ఒక బీసీ రచయిత్రి, వీలైతే ఒక ఆదివాసీ రచయిత్రి. ఆహ్వాన పత్రిక చూసేవాళ్లకి ముచ్చటగా వుంటుంది. కానీ ఆ సెషన్‌లో ఆ ఒక్కామెని అందరూ అడిగేది ఆమె కవిత్వం గురించి కాదు, 'మీవాళ్ల' గురించి. ఆమె కవితలో వాక్యం ఎలా నడిచిందో, ఎక్కడ తడబడిందో ఎవరూ చర్చించరు. గోగు శ్యామల సంపాదకత్వంలో 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలని ఒకచోట చేర్చిన 'నల్లపొద్దు' ఎందుకు అవసరమైందో ఇక్కడ ఆలోచించాలి. ఒక్కో సంకలనంలో ఒక్కరుగా కన్పించినంతకాలం వాళ్లు మినహాయింపులు. ఒకే పుస్తకంలోకి వచ్చాక వాళ్ల మధ్య తేడాలు, తగువులు, తరాలు, శైలులు కన్పించాయి. ఒక్కొక్కరు ఒక్కో రచయిత్రిగా కన్పించారు. గుంపుగా చేరితే వ్యక్తిత్వం పోతుందని భయపడతాం గానీ, ఒంటరిగా నిలబెట్టినప్పుడే అది ఎక్కువ పోతుంది.

మనందరం ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక కమిటీలో, ఏదో ఒక వేదిక మీద 'ఒక్కతె చొప్పున' వెళ్లినవాళ్లమే. ఆ కుర్చీలో కూర్చుని, మనం ఒప్పుకోని తీర్మానం మీద సంతకం పెట్టే ముందు, మన వైపు చూసే ఒక్క మొహం కోసం వెతుక్కున్నవాళ్లమే. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినప్పుడు పంచాయతీల్లో స్త్రీలకి ఒకరో ఇద్దరో చాలనలేదు, మూడో వంతుకి తగ్గకూడదంది. మన రాష్ట్రంలో ఇప్పుడది సగం. పేరుకి ఒక్కరుంటే చాలదన్నది చట్టానికే అర్థమైంది. మరి మన చేతుల్లో వున్న చిన్న చిన్న లిస్టుల్లో ఆ పాఠం ఎందుకు కన్పించదు? ఈసారి ఏ పంపకమైనా చేసేటప్పుడు, అది తరగతికైనా సభకైనా, పేర్లన్నీ సమంగా వచ్చాయా అని చూసుకునే ముందు, ప్రతి పేరు పక్కనా ఇంకో పేరు వుందా అని చూడాలి. ఆ రెండో పేరు ఎవరిదై వుండాలో ఆ మొదటి పేరుగల మనిషినే అడగాలి.